విప్లవమా, ఉదాసీనతా? ప్రభుత్వ అవినీతి ఎదుట సంఘము: నెహెమ్యా 5వ అధ్యాయం వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రభుత్వ కార్యాలయాలలో అవినీతి గురించి మాట వచ్చినప్పుడు మన ప్రజల నోట రెండు మాటలు వినబడతాయి. "ఈ వ్యవస్థను కూకటివేళ్ళతో పెకలించాలి, విప్లవం వస్తే తప్ప దేశం బాగుపడదు" అనేది మొదటిది. "ఎవరొచ్చినా తినేవాళ్ళే, మనకెందుకు?" అనేది రెండవది. చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట, ఒకే పూట వస్తాయి. ఉదయం దినపత్రిక చదివి మొదటి మాట అన్నవాడే, మధ్యాహ్నం మండల కార్యాలయంలో ధ్రువపత్రం కోసం ఐదు వందలు చేతిలో పెట్టి, బయటికి వచ్చి రెండవ మాట అంటాడు.

పైకి ఈ రెండు వైఖరులు ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. కాని వాటికి ఒక పోలిక ఉంది. విప్లవాన్ని కోరేవాడు ఎప్పుడో రాబోయే ఒక గొప్ప రోజు కోసం ఎదురుచూస్తాడు. ఉదాసీనుడు ఏ రోజూ రాదనుకుంటాడు. ఈ సంవత్సరం, ఈ ఊరికి, ఈ పనికి వచ్చిన సొమ్ము లెక్క చెప్పమని మాత్రం ఇద్దరూ అడగరు. ఈ రెండింటికీ మధ్య లేఖనాలు చూపే మార్గం ఒకటుంది. అది ప్రజలందరి ఎదుట లెక్క అడగడం, లెక్క చెప్పడం. ఈ వ్యాసంలో మన దేశపు ఇటీవలి చరిత్రను, యెహూ, నెహెమ్యాల వృత్తాంతాలను పక్కపక్కన పెట్టి ఆ మార్గాన్ని పరిశీలిద్దాం.

1. మౌనానికి మనం చెప్పుకునే కారణాలు

మొదట ఒక భేదం గుర్తించాలి. వితంతు పింఛను మంజూరు కావడానికి డబ్బు అడిగితే అప్పు చేసి ఇచ్చే పేదరాలు వేరు, తనకు అర్హత లేని ఉద్యోగాన్ని లక్షలు పోసి కొనుక్కునేవాడు వేరు. మొదటిది బలవంతపు వసూలు, రెండవది కొనుగోలు. లంచం జ్ఞానుల కన్నులను గుడ్డివి చేస్తుందని ధర్మశాస్త్రం హెచ్చరించింది పుచ్చుకునేవారిని, న్యాయం చెప్పేవారిని (ద్వితీ. 16:18-19). దోపిడీకి గురైనవారిని కాదు. ప్రసంగపీఠం మీద నుండి ఈ ఇద్దరినీ ఒకే మాటతో గద్దించే కాపరి పేదవాని మీద రెండవ భారం మోపుతున్నాడు.

రెండవది, రోమా 13వ అధ్యాయం. అధికారులకు లోబడాలి గనుక వారిని ప్రశ్నించకూడదని మన సంఘాలలో తరచుగా బోధించబడుతుంది. అయితే ఆ అధ్యాయంలోనే పౌలు అధికారిని దేవుని పరిచారకుడని పదే పదే పిలిచాడు (13:4, 6). పరిచారకుడు అంటే యజమానునికి లెక్క అప్పగించవలసినవాడు. లోబడుట అన్నంత మాత్రాన లెక్క అడగకూడదని అర్థం రాదు. ఈ మాటలు వ్రాసిన పౌలు జీవితమే దీనికి వ్యాఖ్యానం. ఫిలిప్పీలో న్యాయాధిపతులు తనను విచారణ లేకుండా కొట్టించి, రహస్యంగా పంపివేయ చూసినప్పుడు, వారే వచ్చి తమను వెలుపలికి తీసుకొనిపోవాలని పట్టుబట్టాడు (అపొ. 16:37). కైసరయలో అధిపతియైన ఫేలిక్సు లంచం ఆశించి అతనిని మాటిమాటికి పిలిపించాడు. పౌలు ఆ లంచం ఇవ్వలేదు. రెండేళ్ళు బంధకాలలో ఉన్నాడు (అపొ. 24:26-27). ఇక్కడ తిరుగుబాటు లేదు, లాలూచీ లేదు.

మూడవ కారణం అన్నిటికంటె బాధాకరమైనది. మౌనం వలన మనకూ కొంత లాభం ఉంది. లంచమిచ్చి సంపాదించిన ఉద్యోగానికి మన మందిరాలలో కృతజ్ఞత కూడికలు జరుగుతాయి. కాపరి ప్రార్థిస్తాడు, కానుక అందుకుంటాడు. ఆ ఉద్యోగం న్యాయంగా రావలసిన పేదబిడ్డ అదే సంఘంలో వెనుక వరుసలో కూర్చొని "ఆమేన్" అంటాడు. మీకా ప్రవక్త యెరూషలేములో చూసినది సరిగ్గా ఇదే. ప్రధానులు లంచం పుచ్చుకొని తీర్పు తీరుస్తారు, యాజకులు జీతం కోసం బోధిస్తారు, ప్రవక్తలు ద్రవ్యం కోసం సోదె చెబుతారు, అయినా యెహోవా తమ మధ్య ఉన్నాడు గనుక ఏ కీడూ రాదని అందరూ ధైర్యంగా ఉంటారు (మీకా 3:11). ఉదాసీనత భక్తి వేషం వేసుకుంటే ఇలాగే ఉంటుంది.

2. విప్లవం సాధించినది, సాధించలేనిది

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం. స్వతంత్ర భారతదేశంలో అవినీతికి వ్యతిరేకంగా వచ్చిన అతి పెద్ద ప్రజా ఉద్యమాలలో ఒకటి ఒక విద్యార్థి వసతిగృహపు భోజనశాలలో మొదలైంది. 1973 డిసెంబరులో అహ్మదాబాదు ఎల్.డి. ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు భోజన ఛార్జీల పెంపుకు నిరసన తెలిపారు. కొద్ది వారాలలో అది ధరల పెరుగుదల మీద, ప్రభుత్వ అవినీతి మీద గుజరాత్ అంతటా వ్యాపించిన నవనిర్మాణ ఉద్యమమైంది. 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశారు. అదే సంవత్సరం బీహారు విద్యార్థి ఉద్యమానికి జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వం వహించి, జూన్ 5న పాట్నా గాంధీ మైదానంలో "సంపూర్ణ విప్లవం" అని పిలుపునిచ్చారు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి విధించబడింది. వేలాదిమంది చెరసాల పాలయ్యారు. 1977 మార్చి ఎన్నికలలో ప్రజలు ఆ ప్రభుత్వాన్ని దించివేసి జనతా పార్టీని గద్దెనెక్కించారు.

ఈ ఉద్యమం వ్యర్థమని అనడం న్యాయం కాదు. ఓటు ద్వారా కేంద్ర ప్రభుత్వాన్ని మార్చవచ్చని ప్రజలకు మొదటిసారి తెలిసింది. 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ వలన "అంతర్గత కల్లోలం" అనే సాకుతో అత్యవసర పరిస్థితి విధించడానికి వీలు లేకుండా పోయింది. ఇవి నిలిచిన ఫలాలు.

అయితే అవినీతి మాటేమిటి? 1979 జూలైలో జనతా ప్రభుత్వం అంతఃకలహాలతో కూలిపోయింది. 1980 జనవరిలో ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి వచ్చారు. ఏ ముఖ్యమంత్రిని దించడంతో ఉద్యమం మొదటి విజయం సాధించిందో, ఆ చిమన్‌భాయ్ పటేల్ 1990లో మళ్ళీ గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. పెద్దల అవినీతిని విచారించడానికి లోక్‌పాల్ బిల్లు పార్లమెంటు ముందుకు మొదట 1968లో వచ్చింది. అది చట్టమైనది 2013లో. మొదటి లోక్‌పాల్ నియమితులైనది 2019లో. మధ్యలో ఎన్నో ప్రభుత్వాలు మారాయి.

ఈ అనుభవం మన దేశానికే పరిమితం కాదు. ఫిలిప్పీన్స్‌లో 1986 ఫిబ్రవరిలో కార్డినల్ సిన్ రేడియో వెరితాస్ ద్వారా పిలుపునివ్వగా, ప్రజలు జపమాలలు పట్టుకొని సైనిక శకటాలకు అడ్డంగా నిలబడ్డారు. నాలుగు రోజులలో మార్కోస్ దేశం విడిచిపోయాడు. క్రైస్తవ సంఘం ముందు నిలిచి నడిపిన శాంతియుత విప్లవాలలో ఇది ప్రముఖమైనది. 2001లో మరొక అధ్యక్షుడు ఎస్ట్రాడా కూడ అవినీతి ఆరోపణల మీద అలాగే దిగిపోయాడు. 2007లో న్యాయస్థానం అతనిని దోషిగా తేల్చింది. ఆ సంవత్సరమే క్షమాభిక్ష దొరికింది. 2013లో అతడు మనీలా నగర మేయరుగా ఎన్నికయ్యాడు. 2022లో మార్కోస్ కుమారుడే భారీ ఆధిక్యంతో దేశాధ్యక్షుడయ్యాడు. 2025 సెప్టెంబరులో వరద నివారణ పనుల సొమ్ము కాజేశారని ప్రజలు మళ్ళీ వీధుల్లోకి వచ్చారు.

ఎందుకిలా జరుగుతుంది? అవినీతి సింహాసనం మీద మాత్రమే కూర్చోదు. అది మస్టరులో ఉంటుంది, ఎం.బుక్‌లో ఉంటుంది, బిల్లు పాసు చేసే సంతకంలో ఉంటుంది. రాజధానిలో ప్రభుత్వం మారిన మరునాడు కూడ ఆ కాగితాలు అదే బీరువాలో, అదే తాళంచెవి కింద ఉంటాయి. విప్లవం కోపంతో నడుస్తుంది. కోపం కొన్ని వారాలలో అలసిపోతుంది. మైదానానికి వచ్చిన కూలివాడు మరునాడు కూలికి వెళ్ళాలి. అలా అలసిన కోపమే "ఎవరొచ్చినా ఇంతే" అనే మాటగా మారుతుంది. విఫలమైన విప్లవం ఈ విధంగా ఉదాసీనతకు తల్లి అవుతుంది.

3. యెహూ: సగంలో ఆగిన విప్లవం

లేఖనాలలో దీనికి తగిన ఉదాహరణ యెహూ (2 రాజులు 9-10 అధ్యాయాలు). అహాబు వంశపు అన్యాయం సామాన్యమైనది కాదు. నాబోతు ద్రాక్షతోట కోసం అబద్ధసాక్షులను నిలబెట్టి, పెద్దలచేత తీర్పు చెప్పించి, అతనిని రాళ్ళతో కొట్టించి చంపిన ప్రభుత్వమది (1 రాజులు 21). నేటి మాటల్లో అది భూకబ్జా, దొంగ సాక్ష్యం, అమ్ముడుపోయిన న్యాయస్థానం. యెహూ ప్రవక్త అభిషేకంతోనే బయలుదేరాడు. రథం వేగంగా తోలాడు. రాజును, యెజెబెలును, అహాబు కుమారులు డెబ్బదిమందిని, బయలు పూజారులను చంపించాడు. అంతకంటె సంపూర్ణమైన విప్లవం ఇశ్రాయేలు రాజుల చరిత్రలో కనబడదు.

అయితే ఆ వృత్తాంతం చివర గ్రంథకర్త ఒక మాట చేర్చాడు. బేతేలులో, దానులో యరొబాము నిలిపిన బంగారు దూడలను యెహూ తొలగించలేదు (10:29). ఆ దూడలు కేవలం విగ్రహాలు కావు. ప్రజలు యెరూషలేముకు వెళితే రాజ్యం చేజారిపోతుందని భయపడి యరొబాము కల్పించిన ఏర్పాటవి (1 రాజులు 12:26-29). ప్రజల భక్తిని రాజ్యం అదుపులో ఉంచే యంత్రాంగమది. పాత రాజు పోయాడు, యంత్రాంగం మాత్రం కొత్త రాజుకు పనికివచ్చింది. ఒక శతాబ్దం దాటకముందే హోషేయ ప్రవక్త యెజ్రెయేలు రక్తదోషాన్ని యెహూ వంశం మీదనే మోపాడు (హోషేయ 1:4). అన్యాయాన్ని తొలగించడానికి చిందిన రక్తమే మరొక అన్యాయపు లెక్కలో చేరింది.

4. లెక్కలు పైకి చదివిన సభలు

1990లో రాజస్థాన్‌లో కూలీలు, చిన్న రైతులు కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థను ఏర్పరచుకున్నారు. ఐ.ఎ.ఎస్. ఉద్యోగం వదలివచ్చిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ మొదలైనవారు ఇందులో ముఖ్యులు. కరవు పనులలో కూలీలకు చట్టప్రకారం రావలసిన కనీస వేతనం రావడం లేదు. ఎందుకని అడిగితే "మీరు అంత పని చేయలేదు, రికార్డులో అలా ఉంది" అన్నారు. "అయితే ఆ రికార్డు చూపించండి" అన్న ప్రశ్న దగ్గర ఈ ఉద్యమం మొదలైంది.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ జరిగింది. ఊరి మధ్య కూర్చొని మస్టరులు, బిల్లులు పైకి చదివారు. చదవడం రానివారికి కూడ ఆ కాగితంలో ఏముందో అప్పుడు తెలిసింది. పనికి రానివారి పేర్లు, సగంలో ఆగిపోయిన పనికి పూర్తి చెల్లింపు వంటివి ఇటువంటి సభలలో బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజుల ధర్నా జరిగింది. "మా డబ్బు, మా లెక్క" అన్నది వారి నినాదం. అక్కడినుండి సాగిన ప్రయాణమే 2005 సమాచార హక్కు చట్టానికి ముఖ్యమైన పునాదులలో ఒకటి అయింది.

ఈ ప్రయాణంలో తెలుగు నేలకు స్థానముంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ చట్టంలోని 17వ సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. చాలా రాష్ట్రాలలో అది కాగితానికే పరిమితమైనప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి క్రమపద్ధతిలో జరిగింది. 2009లో దీనికోసం పని చేయించే యంత్రాంగం నుండి వేరుగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల నుండి వచ్చిన యువతీ యువకులు శిక్షణ పొంది, ఇంటింటికీ వెళ్ళి, మస్టరులో ఉన్న రోజులను కూలీ చెప్పిన రోజులతో సరిచూశారు. తరువాత మండల ప్రజావేదికలో అధికారుల ఎదుట ఆ తేడాలు చదివారు. నిన్నటిదాకా అయ్యా అని చేతులు కట్టుకొని నిలబడిన కూలీ స్త్రీ, మైకు ముందు నిలబడి "ఈ సంతకం నాది కాదు" అని చెప్పింది. ప్రభుత్వం కూలలేదు, ఎవరి రక్తమూ చిందలేదు. అయినా ఆ ఊరిలో అధికారం నడిచే తీరు ఒక పూట తలక్రిందులైంది.

5. నెహెమ్యా మహాసభ

ఇప్పుడు నెహెమ్యా 5వ అధ్యాయం చదివితే దాని రూపం మనకు పరిచయమైనదిగానే కనిపిస్తుంది. ఇందులో అయిదు మెట్లున్నాయి.

మొదటిది, మొర. ప్రాకారం కట్టే పని మధ్యలో జనులు, వారి భార్యలు తమ సహోదరులైన యూదుల మీద మొరపెట్టారు (5:1). రాజుకు పన్ను కట్టడానికి అప్పు తెచ్చి, పొలాలు పోగొట్టుకొని, బిడ్డలను దాసత్వానికి అప్పగించామని లెక్క చెప్పారు (5:4-5). స్త్రీల మొరను గ్రంథకర్త ప్రత్యేకంగా పేర్కొనడం గమనించదగినది. దేవుని పని జరుగుతున్నది గనుక ఇప్పుడు ఈ ఫిర్యాదు వద్దని నెహెమ్యా అనలేదు.

రెండవది, కోపం తరువాత ఆలోచన. నెహెమ్యా మిగుల కోపపడ్డాడు, కాని వెంటనే రథమెక్కలేదు. తనలో తాను యోచించాడు (5:6-7). యెహూకు నెహెమ్యాకు తేడా ఇక్కడే ఉంది.

మూడవది, బహిరంగ సభ. ప్రధానులను, అధికారులను చాటుగా పిలిచి సర్దిచెప్పలేదు. మహా సమాజాన్ని సమకూర్చి, అందరి ఎదుట వారిని నిలదీశాడు. వారు ఏమీ చెప్పలేక ఊరకున్నారు (5:7-8). నాలుగు గోడల మధ్య ఎన్నో సాకులు చెప్పగలిగినవారు నష్టపోయినవారి ముఖం ఎదుట మాట్లాడలేరు.

నాలుగవది, సొమ్ము తిరిగి ఇప్పించడం. పశ్చాత్తాపం మాటలతో ఆగలేదు. పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు, ఇండ్లు, వడ్డీ తిరిగి ఇవ్వమని స్పష్టంగా చెప్పాడు, యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు (5:11-12). జక్కయ్య విషయంలో కూడ రక్షణకు గుర్తుగా కనిపించినది నాలుగంతలుగా తిరిగి ఇచ్చే లెక్కే (లూకా 19:8).

ఐదవది, అడిగినవాడు తన లెక్క చెప్పడం. తానును తన బంధువులును కూడ అప్పు ఇచ్చినవారమని నెహెమ్యా సభలోనే ఒప్పుకున్నాడు (5:10). పూర్వపు అధిపతులు జనులవద్ద ఆహారం, ద్రాక్షారసంతో పాటు నలువది తులముల వెండి తీసుకోగా, తాను పన్నెండు సంవత్సరాలు అధిపతి భత్యం ముట్టలేదని వ్రాసిపెట్టాడు (5:14-15). సమూయేలు కూడ పదవి విడిచేటప్పుడు తాను ఎవరి ఎద్దును, ఎవరి గాడిదను తీసుకున్నానో, ఎవరివద్ద లంచం పుచ్చుకున్నానో చెప్పమని ఇశ్రాయేలీయులందరినీ అడిగాడు (1 సమూ. 12:3).

6. ఈ మార్గానికి ఉన్న పరిమితులు

ఈ మార్గాన్ని అతిగా పొగడడం మంచిది కాదు. సామాజిక తనిఖీలలో బయటపడిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే. తనిఖీకి సులువుగా దొరికే తప్పులు తగ్గినచోట, దొరకని తప్పులు తలెత్తాయి. సమాచారం అడిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. గిర్ అడవి పరిసరాలలో అక్రమ గనుల తవ్వకం మీద పోరాడిన అమిత్ జేఠ్వాను 2010 జూలైలో అహ్మదాబాదులో హైకోర్టు ఎదుటనే కాల్చి చంపారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒంటరిగా అడిగినవాడు సులభంగా గురి అవుతాడు. అందుకే నెహెమ్యా మహా సమాజాన్ని పిలిచాడు. రెండవది, ఒకసారి అడిగితే చాలదు. నెహెమ్యా రాజునొద్దకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి, యాజకుడైన ఎల్యాషీబు మందిరపు కొట్టుగదిని టోబీయాకు ఇచ్చివేశాడు. లేవీయుల పాళ్ళు వారికి అందలేదు (13:4-10). అప్పుడు నెహెమ్యా సామాను బయట పారవేయించి అంతటితో ఆగలేదు. నమ్మకమైనవారని పేరున్న నలుగురిని, యాజకుని, శాస్త్రిని, లేవీయుని, వారికి తోడుగా మరొకనిని, ఖజానాల మీద నియమించాడు (13:13). ఒక్కని చేతిలో తాళం ఉంచకూడదని అతడు నేర్చుకున్నాడు.

7. కాపరులు చేయదగినవి

అ) మొదట మన లెక్క. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందా విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండ పౌలు ఇతర సహోదరులను వెంట పంపాడు. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడ యోగ్యమైనవి చేయాలన్నది అతని నియమం (2 కొరింథీ 8:18-21). "దేవునికి తెలుసు" అనే మాటతో పౌలు సరిపెట్టుకోలేదు. సంఘపు ఆదాయ వ్యయాలు సంవత్సరానికి ఒకసారైనా సభ్యులందరి ఎదుట పైకి చదివి వినిపించని కాపరి, పంచాయతీ లెక్క అడగడానికి నోరెలా తెరుస్తాడు?

ఆ) కృతజ్ఞత కూడికకు ముందు ఒక ప్రశ్న. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందని కాపరి ప్రేమతో, ఏకాంతంగా అడగవచ్చు. కానుక తగ్గవచ్చు గాని, వెనుక వరుసలోని బిడ్డకు సంఘంమీద నమ్మకం నిలుస్తుంది.

ఇ) ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న విశ్వాసులకు తోడు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దన్నాడు (లూకా 3:13). అలా నిలిచినవారికి బదిలీలు, అవమానాలు తప్పవు. వారి కోసం సంఘము పేరుపెట్టి ప్రార్థిస్తుందా? వారి కుటుంబాలను పరామర్శిస్తుందా?

ఈ) గ్రామసభకు వెళ్ళడం. 1992లో ఆమోదించిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. సమాచార హక్కు చట్టం ప్రకారం ఎందుకు అడుగుతున్నామో చెప్పనవసరం లేదు. సాధారణంగా ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుసుము చెల్లించనవసరం లేదు. దరఖాస్తు వ్రాయడం యువజన కూటమిలో ఒక సాయంత్రం నేర్పవచ్చు. ఒక్కరి పేరుతో కాక పదిమంది కలిసి, ఇతర మతాల పొరుగువారితో కూడ కలిసి అడగడం క్షేమం. మన వీధికి రాని నీరు వారి వీధికీ రావడం లేదు.

ఉ) పార్టీల రంగు అంటకుండ ఉండడం. నెహెమ్యా శత్రువైన సన్బల్లటు అవినీతిని బయటపెట్టడానికి సభ పిలవలేదు. తన పక్షాన ఉన్న ప్రధానులనే నిలదీశాడు. మనకు నచ్చిన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు కూడ అదే లెక్క అడగగలిగితేనే అది ప్రవచన పరిచర్య అవుతుంది.

ముగింపు

ఇకముందు కూడ ఉద్యమాలు వస్తాయి. నిరంకుశత్వాన్ని ఎదిరించడానికి ప్రజలు వీధుల్లోకి రావలసిన దినాలు కూడ ఉంటాయి. ఆ దినాన సంఘము ఎక్కడ నిలబడాలో ప్రార్థనతో తెలుసుకోవాలి. కాని అటువంటి దినాలు అరుదు. మిగిలిన దినాలన్నీ మస్టరుల దినాలు, బిల్లుల దినాలు, రేషను తూకపు దినాలు. మన పేదల అన్నం పోయేది ఆ దినాలలోనే. నెహెమ్యా యాబది రెండు దినాలలో ప్రాకారం ముగించాడు (6:15). లెక్కల కోసం మాత్రం పన్నెండేళ్ళు భత్యం మానుకొన్నాడు, తరువాత మళ్ళీ వచ్చి మళ్ళీ అడిగాడు. మన గ్రామాలలో ఆ రెండవ పనికి మనుష్యులు తక్కువగా ఉన్నారు. ఆ కొరత తీర్చే పని వచ్చే గ్రామసభ నాడు, ఒక కాపరి తన సంఘస్థులు కొందరిని వెంటబెట్టుకొని వెళ్ళి కూర్చోవడంతో మొదలు కావచ్చు.